పావు జాన తక్కువ

కర్ర కొన మురుగు మీది తెట్టుకు తగలగానే ఆయన చెయ్యి ఆగింది. గట్టు మీది రాతి అంచు ఏ గంటుకు ఎదురుగా ఉందో వంగి చూశాడు. రెండున్నర. కర్ర పైకి తీసి, కొనను గడ్డికి తుడిచి, మళ్ళీ దించాడు. మళ్ళీ రెండున్నరే. నిన్న సాయంత్రమూ ఇంతే. రాత్రికి రాత్రి గుంట తగ్గిపోయే మంత్రమేదీ లేదని ఆయనకి తెలుసు. అయినా మనిషి ఆశ కదా, మూడోసారి కూడా దించి చూశాడు.

షెడ్డు గోడకి ఒక మేకు ఉంది. కర్రని దానికి తగిలించి, పక్కనే దారంతో వేలాడుతున్న రిజిస్టరు అందుకున్నాడు. అందులో నాలుగు గళ్ళు. తేదీ, ఎంత ఖాళీ, వాతావరణం, సంతకం. పెన్సిలు మొనని నాలికతో తడిపి 'రెండున్నర జానలు' అని రాశాడు. వాతావరణం గడిలో 'మబ్బు, గాలి లేదు' అని రాశాడు. ఇరవైఏడేళ్ళుగా ఆ గడి ఒక్కరోజు కూడా ఖాళీగా వదల్లేదు. దాన్ని చదివినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

పందుల ఫారంలో పెంటగుంట చూసుకునే మనిషి ఆయన. మూడు షెడ్లలో తొమ్మిదివందల పందులు. వాటి కిందనుంచి రోజూ కడిగిన మురుగంతా కాలవల్లో పడి, షెడ్ల వెనకున్న పెద్ద గుంటలో చేరుతుంది. అది పొర్లకుండా చూడటం, ట్యాంకరుతో తోడుకెళ్ళి పొలాల్లో ఎరువుగా చల్లటం, పొద్దునొకసారి సాయంత్రమొకసారి ఎంత ఖాళీ ఉందో కొలిచి రాయటం ఆయన ఉద్యోగం. వయసు అరవైరెండు. ఆరడుగుల పైన ఎత్తు, వంగిన మెడ, చేటంత అరచేతులు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా వాసన పోక, బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చని ఆయనే సంతోషిస్తాడు.

అంత మనిషినీ అందరూ పిలిచేది 'జానెడు' అని. గుంట ఎలా ఉందని ఎవరడిగినా "ఇంకో జానెడు పడుతుంది" అనడం అలవాటు. ఆ మాటే పేరై కూర్చుంది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది.

జాన అంటే చాచిన చేతిలో బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఉండే దూరం. ఆ కొలత ఫారంలోకి వచ్చింది కూడా ఒక ప్రభుత్వోద్యోగి చలవే. కొత్తగా రూలు పెట్టిన ఏడు, సన్నగా, అరచెయ్యంత ముఖంతో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, జీపు దిగీ దిగకుండా, "వానాకాలం మొదలయ్యే రోజుకి మురుగుకీ గట్టు అంచుకీ మధ్య డెబ్బై సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. నాలుగు నెలల మురుగు, పైన పడే వాన అందులో పట్టాలి" అన్నాడు. సెంటీమీటరంటే ఎంత సార్ అని జానెడు అడిగాడు. ఇన్‌స్పెక్టరు విసుక్కుని, జీపు బానెట్ మీద తన చెయ్యి మూడుసార్లు పరిచి చూపించి, "ఇదిగో, మూడు జానలు అనుకో" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే జానెడు ఒక గట్టి కర్ర చెక్కి, దాని మీద తన చెయ్యి పరిచి, కత్తితో గంట్లు పెట్టాడు. జానకొక పెద్ద గంటు, మధ్యలో పావుకీ అరకీ ముప్పావుకీ చిన్న గంట్లు. తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఎవరూ గుంటదాకా నడవలేదు. జీపులోనే రిజిస్టరు తెప్పించుకుని, మూడు అని కనబడగానే సంతకం పెట్టి, అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్ళు. వాసన అలాంటిది మరి.

ప్రభుత్వాన్ని తిట్టుకునేవాడు కాదు ఆయన. అది రాకముందు ఎలా ఉండేదో చూసినవాడు. అప్పుడు గుంటా లేదు, రూలూ లేదు. షెడ్డు వెనక ఒక గొట్టం, దానికో వాల్వు. వారానికోసారి వాల్వు తిప్పితే మురుగంతా నేరుగా వాగులోకి. తిప్పేది ఆయనే. తిప్పమన్నది పెద్దాయన, అంటే అప్పటి యజమాని. వాగు వెంబడి దిగువన కూతవేటు దూరంలో జానెడు చెల్లెలి ఇల్లు, ఇంటి పక్కన వాగు ఒడ్డునే బావి. ఒకరోజు చెల్లెలి కూతురు, రెండు నెలల పసిది, పాలు తాగుతూ పెదాలు నీలంగా మారి, కళ్ళు తేలేసింది. ఆస్పత్రిలో బతికించారు. "బావినీళ్ళతో పాలు కలిపారా? ఆ నీళ్ళే ఈ పని చేశాయి" అన్నాడు డాక్టరు. ఆ నీళ్ళలోకి ఏం వచ్చిందో, ఎక్కణ్ణించి వచ్చిందో డాక్టరుకి తెలియదు. ఆస్పత్రి వరండాలో నిలబడ్డ మేనమామకి తెలుసు. ఆ రోజు ఆయన తన కుడిచేతిని చూసుకుని ఏడ్చాడు. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఏడు ప్రభుత్వం గుంటలు తవ్వుకోమని సాయం ఇచ్చింది. ఎన్ని పందులుంటే అంత సాయం అనేసరికి పెద్దాయన మూడొందల పందుల్ని తొమ్మిదొందలు చేశాడు. గుంట మాత్రం మొదట గీసిన గీతల ప్రకారమే తవ్వారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని జానెడు అనబోయాడు గానీ, అన్నది వినే చెవి అక్కడ లేదు. ఏమైతేనేం, గొట్టం మూతపడింది. రెండేళ్ళకి వాగులో చేపలు కనిపించాయి. ఆ తర్వాత తేదీ రూలు వచ్చింది. వానాకాలం నాలుగు నెలలూ పొలాల్లో మురుగు చల్లకూడదు, చల్లితే వానకి కొట్టుకుపోయి వాగులో కలుస్తుందని. మంచి రూలే. తేడా అల్లా, ఫలానా తేదీకి మొదలు, ఫలానా తేదీకి ఆఖరు అని కాగితం మీద ఉంది. మబ్బుకి ఆ కాగితం ఎవరూ చదివి వినిపించలేదు.

ఇవాళ ఆఖరు తేదీ. ఇవాళ కుండపోతగా కురిసినా చల్లవచ్చు. రేపు మాడ్చే ఎండ కాసినా చల్లకూడదు.

వాగు వెంబడి దిగువన ఉన్న ఫారాలన్నిట్లోనూ తెల్లవారకముందే ట్యాంకర్లు బయల్దేరిన చప్పుడు వినిపిస్తోంది. రేడియో వాన అని చెప్పాక ఎవరూ ఆలస్యం చెయ్యరు. తడవకముందు చల్లేద్దామని కాదు, తడిసినా సరే తేదీలోపు చల్లేద్దామని.

యజమానురాలు గమ్‌బూట్లు తొడుక్కుంటూ ఇంట్లోంచి వచ్చింది. ఆమె పెద్దాయన కూతురు. నలభై దగ్గర పడుతున్నా జానెడుకి ఇంకా 'పాపే'. ఆమెకి ఆయన 'మావయ్య'. రక్తసంబంధం కాదు, నడక నేర్చుకునే రోజుల్లో ఆయన వేలు పట్టుకుని తిరిగిన సంబంధం.

"ఎంతుంది మావయ్యా?"

"రెండున్నర."

"అంటే ఇంకా అరజాన కావాలి."

"అరజానంటే ఇరవైరెండు ట్యాంకర్లు."

లెక్క కట్టి చెప్పలేదు ఆయన. పావు జానకి పదకొండు ట్యాంకర్లు, అది చేతికి తెలిసిన సంగతి. ఆమె వాచీ చూసుకుంది.

"కింది పొలమైతే ట్యాంకరుకి ఇరవై నిమిషాలు. మొదలుపెట్టు, మూడు నాలుగింటికల్లా అయిపోతుంది."

ఆయన కదల్లేదు. మోకాలు రుద్దుకున్నాడు.

"మధ్యాహ్నం దాటాక గట్టి వాన పడుతుంది పాపా. కింది పొలం వాగులోకి వాలి ఉంటుంది. చల్లింది చల్లినట్టు పోతుంది."

"రేడియోలో సాయంత్రం అన్నారు."

"రేడియోకి మోకాళ్ళు లేవుగా."

ఆమెకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "పైపొలమైతే రానూపోనూ నలభై నిమిషాలు. పదకొండుకి మించవు. మూడు జానలు రాదు."

"రాదు."

"రేపు పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తుంది. కొత్తావిడ. జీపు దిగుతుందట ఈవిడ. మూడు లేకపోతే మూడో షెడ్డు ఖాళీ చెయ్యమంటుంది. మూడొందల పందుల్ని నా నెత్తిన పెట్టుకోనా? ఆ షెడ్డు చూసుకునే నలుగురికీ ఏం చెప్పను? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నాన్న నిన్ను ఊరికే అనేవాడు కాదు."

"మా చెల్లెలింట్లో మళ్ళీ పసిది ఉంది పాపా. మూడు నెలలు. నా మేనకోడలి కూతురు. డబ్బాపాలు. ఆ బావినీళ్ళే."

ఎగువన ఉన్న ఫారం ఇదొక్కటే. మిగతావన్నీ చెల్లెలి ఇంటికి దిగువన. వాళ్ళేం చల్లినా ఆ బావికి రాదు. ఆ బావికి ఏదైనా వస్తే ఈ కింది పొలంలోంచే రావాలి. ఈ సంగతి ఆమెకీ తెలుసు.

"నాకేం చెప్పకు. నాకు మూడు కావాలి, అంతే" అని ఆమె విసవిసా లోపలికి పోయింది.

ఆయన ట్యాంకరు వెనక్కి తిప్పి గుంట అంచుకి ఆనించాడు. గొట్టం లోపలికి దించి మోటారు వేశాడు. తెట్టు పగిలి, కింది నుంచి నల్లటి మురుగు సుళ్ళు తిరుగుతూ పైకొచ్చింది. ఆ వాసనకి కొత్తవాళ్ళకి కళ్ళు మండుతాయి. ఆయన గాలి ఎటు వీస్తోందో చూసుకుని రెండో వైపు నిలబడ్డాడు. ట్యాంకరు నిండేలోపు షెడ్లలో ఒక తిరుగుడు తిరిగాడు. పందులు ఒకదానిమీద ఒకటి తలలు వేసుకుని పడుకుని ఉన్నాయి. మూడో షెడ్డులో ఆయన అడుగుల చప్పుడికి ఒక ఆడపంది చెవి ఎత్తి చూసి, 'నువ్వా' అన్నట్టు మళ్ళీ దించేసింది. ఒకచోట నీళ్ళ గొట్టం కారుతోంది. కారిన ప్రతి చుక్కా గుంటలోకే చేరుతుంది కాబట్టి, జేబులోంచి గుడ్డపేలిక తీసి బిగించి కట్టాడు.

రోడ్డు ఎక్కేచోట రెండు దారులు. ఎడమకి తిరిగితే కింది పొలం. ఆయన కుడికి తిప్పాడు.

పైపొలం బల్లపరుపుగా ఉంటుంది. నేల పొడిగా, నోరు తెరుచుకుని ఉంది. వెనక చిమ్మే గొట్టం తెరిచి, నిదానంగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిపాడు. మురుగు విసనకర్రలా విచ్చుకుని నేల మీద పడింది. చల్లింది చల్లినట్టు వదిలేస్తే ఇక్కడ కూడా ప్రమాదమే. వాన పడేలోపు దున్ని మట్టిలో కలిపేస్తే ఇక ఎక్కడికీ పోదు. దున్నడానికి రెండో ట్రాక్టరు కావాలి, రెండో మనిషి కావాలి. పాత ట్రాక్టరు ఒకటుంది గానీ, దాన్ని నడిపే మనిషి లేడు. నాలుగు ట్యాంకర్లు పోశాక తనే ఆగి దున్నుదామనుకున్నాడు. అంటే పదకొండు కూడా కావు.

మూడో ట్యాంకరు పోస్తుండగా కొండవాలు మీంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. గొర్రు కట్టిన పాత ట్రాక్టరు. నడుపుతున్నది పాప. తలకి తుండుగుడ్డ చుట్టుకుని, మూతి బిగించుకుని, ఆయన వైపు చూడకుండా నేరుగా తడి చాళ్ళలోకి దించింది. ఎదురైనప్పుడు మాత్రం ఇంజను హోరులో అరిచింది.

"దున్నకపోతే వాసనకి పై ఇళ్ళవాళ్ళు వచ్చి నన్ను తిడతారు! అందుకే వచ్చాను!"

"అందుకే కదా, నేనేమన్నాను!" అని ఆయనా అరిచాడు.

ఆమె మంచిదే. మంచితనం ముందు భయం నిలబడి ఉంటుంది, అంతే. తండ్రి పోయాక ఫారం నెత్తిన పడింది. అప్పటినుంచి రోజుకో కొత్త కాగితం. పందులు పెంచమని ఒకటి, తగ్గించమని ఒకటి. ఆమెకి నిద్రలో కూడా ఏదో ఒక గడువు ముగిసిపోతూ ఉంటుంది.

ఆరో ట్యాంకరు తర్వాత ఆయన కిందికి దిగి, గట్టు మీద కూర్చుని, రొట్టె ముక్క, ఉడికించిన గుడ్డు తిన్నాడు. సగం తిని పక్కన పెట్టాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. స్టీరింగు బిగుసుకుపోయినందువల్ల అనుకున్నాడు. చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పసిది ఏం చేస్తోంది?"

"నిద్రపోతోంది అన్నయ్యా. ఏం, ఇప్పుడు చేశావు?"

"ఏం లేదు. వాన వచ్చేట్టుంది. ఈ రెండు రోజులూ దానికి బావినీళ్ళు వద్దు. రోడ్డు మీది కొళాయి నుంచి తెచ్చి కాచండి."

"ఎందుకు? కింది పొలంలో చల్లుతున్నావా?"

"లేదమ్మా. చల్లటం లేదు."

"మరింకేం? ఎప్పుడో మా అమ్మాయికి పెదాలు నీలమైన రోజు పట్టుకున్న భయం, ముప్ఫై ఏళ్ళయినా వదల్లేదు నిన్ను. అది పెరిగి, పెళ్ళయి, తల్లి కూడా అయింది. ఇంకా నీ భయం మాత్రం రెండు నెలల పసిపాపే."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"గొంతు అలా ఉందేం అన్నయ్యా?"

"గుడ్డు గొంతుకి అడ్డం పడింది. ఉంటానమ్మా."

పదకొండో ట్యాంకరు చల్లి, పాప ఆఖరి చాలు దున్ని ట్రాక్టరు మళ్ళించేసరికి మూడు దాటింది. చినుకులు మొదలయ్యాయి. మోకాళ్ళే గెలిచాయి. పది నిమిషాల్లో కొండవాలు కనబడకుండా వాన కమ్ముకుంది. మట్టి వాసన, మురుగు వాసన కలిసి లేచి, మెల్లగా మట్టి వాసనే మిగిలింది. దున్నిన నేల నీటిని తాగుతోంది. పొలం చివర గట్టు దగ్గర నిలబడి, బయటికి పోతున్న నీళ్ళని ఆయన దోసిట్లో పట్టి చూశాడు. ఎర్రగా మట్టినీళ్ళు. నలుపు లేదు. ఆ క్షణాన ఆయనకి చాలా సంతోషం కలిగింది. చెప్పుకోడానికి ఎవరూ లేక, దోసిట్లో నీళ్ళు కింద వదిలేసి ట్యాంకరెక్కాడు.

ఫారానికి వచ్చి కర్ర దించాడు. రాతి అంచుకి ఎదురుగా రెండుముప్పావు గంటు నిలబడింది. ఒక వెంట్రుకవాసి అటూ లేదు, ఇటూ లేదు.

పాప గొడుగు వేసుకుని వచ్చి నిలబడింది. పొద్దున ట్రాక్టరు మీద చూపించిన ధైర్యం ఇంటికి వచ్చేసరికి జారిపోయినట్టుంది.

"ఇంకా వెలుతురుంది మావయ్యా. కింది పొలంలో చీకటి పడేలోపు ఎన్నయితే అన్ని పోసెయ్. నాలుగింటికి వానలో కూడా చల్లుతున్నారు దిగువ ఫారాలవాళ్ళు. తప్పేం కాదు, తేదీ ఇవాళే."

"వానలో పోస్తే వాగులో పోసినట్టే పాపా."

"సరే, పోయకు. రిజిస్టరులో మూడు అని రాయి. పావు జానే కదా తక్కువ. పెన్సిలుతో అయ్యే పని."

ఆయన కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. ఊపిరి అందాక అన్నాడు.

"ఈ చెయ్యి ఒకసారి వాల్వు తిప్పింది పాపా. మీ నాన్న తిప్పమన్నాడు, తిప్పింది. అదొక్కటి చాలు దానికి."

"అయితే రేపు ఆవిడకి నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు."

"చెప్తాను. పావు జాన ఎందుకు తగ్గిందో నేనే చెప్తాను."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆయన గోడవారన నిలబడి రిజిస్టరు విప్పాడు. 'రెండుముప్పావు జానలు' అని రాశాడు. వాతావరణం గడిలో 'వాన. కింది పొలంలో చల్లలేదు' అని రాశాడు. ఇరవైఏడేళ్ళలో ఈ తేదీకి మూడు రాయకపోవడం ఇదే మొదటిసారి. సంతకం పెట్టేటప్పుడు సిగ్గుగా అనిపించింది ఆయనకి. తొమ్మిదేళ్ళ కిందట వరదలొచ్చి దిగువ ఫారాల గుంటలన్నీ పొర్లినప్పుడు కూడా ఈ గుంట పొర్లలేదు. అందరూ అదృష్టం అన్నారు. అదృష్టం కాదు, రూలు పాటించినందుకే అని ఆయన గర్వపడేవాడు. ఇవాళ ఆ రూలుకి పావు జాన తగ్గాడు. మూడో షెడ్డువైపు చూశాడు. ఆ ఆడపంది ఇంకా అలాగే పడుకుని ఉంది.

చూరు కింద బోర్లించిన దాణా తొట్టి మీద కూర్చుని గమ్‌బూట్లు విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. బస్సుకి ఇంకా అరగంట ఉంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

కోపం చల్లారాక పాప రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. మాట అన్నాక టీ తేవడం ఆమెకి అలవాటు. పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. వాన అలాగే పడుతోంది. ఆయన బస్సు వచ్చి, గేటు దగ్గర కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

మర్నాడు తెరిపిచ్చింది. తేదీ తేదీయే కాబట్టి ఇన్‌స్పెక్టరు పదింటికే వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. గేటులోనే సంగతి తెలిసి, "ఇంకోరోజు వస్తానండీ" అంది. పాపే వద్దంది. ఆయన ఇంటి దగ్గర జనం చేరారని, కూతుళ్ళు ఇంకా దారిలో ఉన్నారని, వాళ్ళు వచ్చేదాకా తను చెయ్యగలిగింది కూడా ఏమీ లేదని చెప్పింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి.

ఇన్‌స్పెక్టరు సొంత గమ్‌బూట్లు తెచ్చుకుంది. గుంటదాకా నడిచింది. గోడ దగ్గర రిజిస్టరు తీసి ఆఖరి పేజీ చదివింది. వాతావరణం గడి కూడా చదివింది.

"జాన అంటే మా ఆఫీసు పట్టికలో ఇరవైమూడు సెంటీమీటర్లు. రెండుముప్పావంటే అరవైమూడు. డెబ్బై ఉండాలండీ."

"తెలుసు" అంది పాప. "పావు జాన తక్కువ. ఎందుకు తగ్గిందో మీకు తనే చెప్తానన్నాడు."

"రాసిందే కాకుండా నేను కొలిచి కూడా చూడాలి" అని ఇన్‌స్పెక్టరు టేపు తీసి, రాతి అంచు నుంచి కిందికి వదిలింది. చూసి, పైకి లాగి, మళ్ళీ వదిలింది. "డెబ్బైఒకటి."

"కాదండీ. తక్కువ."

"డెబ్బైఒకటండీ. రాత్రి వానకి మురుగు వేలి మందం పెరిగి ఉంటుంది, అయినా డెబ్బైఒకటి ఉంది. సరిపోయింది."

పాపకి ముందు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరు మేకు మీది కర్ర తీసి, పెద్ద గంటుకీ పెద్ద గంటుకీ మధ్య టేపు పెట్టింది. ఇరవైఆరున్నర. ఇంకో గంటు చూసింది. ఇరవైఆరున్నర.

"ఇవి ఎవరి జానలు?"

"మా మావయ్యవి."

"ఈయన మూడంటే ఎనభై దాకా ఉంటుంది. ఇన్నేళ్ళూ రూలు కన్నా తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ ఖాళీ ఉంచుతూ వచ్చారు. ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెప్తారు? జీపు దిగితే కదా. వరదల ఏడు ఈ ఒక్క గుంట ఎందుకు పొర్లలేదో పాపకి ఇప్పుడు తెలిసింది. నిన్న సాయంత్రం తను గొడుగు కింద నిలబడి అన్న మాటలు కూడా ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. "సరిపోయిందని తెలియకుండానే పోయాడు. తగ్గిందనుకునే పోయాడు" అని ఆమె అక్కడే, పరాయి మనిషి ముందే, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి, కర్ర ఆమె చేతికిచ్చింది.

వంతెన దాటేటప్పుడు ఇన్‌స్పెక్టరు జీపు ఆపించి కిందికి చూసింది. దిగువన వాగు నల్లగా పారుతోంది. అటువైపు ఫారాల రిజిస్టర్లన్నీ నిన్నటి తేదీకి సరిగ్గా ఉన్నాయి. ఎగువన, బావి ఉన్న ఇంటి దగ్గర, నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి.

కర్రని మేకుకి తగిలించబోతూ పాప దాని మీద తన చెయ్యి పరిచి చూసింది. బొటనవేలు మొదటి పెద్ద గంటులో పెట్టి ఎంత చాచినా, చిటికెనవేలు రెండో పెద్ద గంటుకి ఇంకా మూడు వేళ్ళ దూరంలోనే ఆగిపోయింది.